అమెరికన్ ఉత్తమ రచనలు – తెలుగు సేత : కొన్ని సమస్యలు, కొన్ని పరిష్కారాలు

ప్రస్తావన

న్యాయశాస్త్రంలో 'అనువాదం' అనే మాటకు గల అర్థం నేటి వ్యవహారంలోని అర్థం కంటె భిన్నమైనది. ముందే విధింపబడిన విషయాన్ని ఒక ప్రయోజనాన్ని ఉద్దేశించి మరల చెప్పడం అనువాదం. ప్రయోజనం లేకుండా మరల చెప్పడం పునరుక్తి, అది దోషం. ఒక భాషలోని గ్రంథాన్ని మరొక భాషలోనికి తెచ్చుకొనే నేటి అనువాద ప్రక్రియకు కూడ ఈ భేదం చక్కగా అన్వయిస్తుంది. మూలంలోని మాటలన్నింటికీ తెలుగు మాటలు వచ్చినంత మాత్రాన అది అనువాదం కాజాలదు. ఏ ప్రయోజనానికై ఆ గ్రంథాన్ని తెచ్చుకొన్నామో అది నెరవేరాలి. పరజాతి జీవనాన్ని లోతుగా తెలిసికొనడమే ఆ ప్రయోజనమైనప్పుడు మూలంలో ఏది నిలుపుకోవాలి, ఏది మార్చుకోవాలి అన్నది ప్రధాన ప్రశ్న అవుతుంది. అమెరికన్ ఉత్తమ రచనల తెలుగు సేతను ఆధారంగా తీసికొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రశ్న మన ప్రాంతానికి క్రొత్తది కాదు. 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే త్రవ్వించినప్పుడు లభించిన ధాతుకరండాలపై క్రీస్తుపూర్వపు శాసనాలు ఉన్నాయి. వాటి భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. కాని అది అశోకుని బ్రాహ్మికి యథాతథమైన ప్రతి కాదు. అశోకలిపిలో గుర్తు లేని అక్షరం అకారంతో కూడిన హల్లు. దానిపై గీత చేరితే దీర్ఘం. భట్టిప్రోలు లిపిలో అటువంటి గీత హ్రస్వమైన అకారాన్నే సూచిస్తుంది. దీర్ఘానికి వేరొక గుర్తు ఏర్పడినది. కొన్ని అక్షరాల రూపాలు కూడ మారినాయి. అనగా ఇచటి లేఖకులు వచ్చిన లిపిని త్రోసిపుచ్చలేదు. వచ్చినది వచ్చినట్లు స్వీకరించనూ లేదు. అది బ్రాహ్మియే అని చూచినవారు గుర్తించగలిగినంత నిలిపి, తమ అవసరానికి చాలినంత మార్చుకొన్నారు. అనువాదకునికి కావలసిన మితి ఇదే. ఈ మితి తప్పిన చోట్ల ఏమి నష్టం కలుగుతుందో ఉదాహరణలతో చూద్దాము.

అనువాదోద్యమాల నేపథ్యం

రెండవ ప్రపంచయుద్ధానంతరం అమెరికన్ గ్రంథాలను ఇతర భాషలలోనికి తెచ్చే కార్యం వ్యవస్థితంగా సాగింది. 1952లో న్యూయార్క్‌లో స్థాపింపబడిన ఫ్రాంక్లిన్ గ్రంథ సంస్థ 1953లో కైరోలో కార్యాలయాన్ని తెరచి అరబ్బీలోనికి, పిదప పారశీకం, ఉర్దూ మొదలైన భాషలలోనికి గ్రంథాలను అనువదింపజేసింది. ఈ సంస్థ 1978లో ముగిసింది. మన వైపున 1955లో ఫోర్డ్ ఫౌండేషన్ సహాయంతో మద్రాసులో ఏర్పడిన దక్షిణ భాషా పుస్తక సంస్థ తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ భాషలలో గ్రంథ ప్రచురణను ప్రోత్సహించింది. అదే కాలంలో సోవియట్ రష్యా మాస్కోలోనే తెలుగు అనువాదకులను నియమించుకొని రష్యన్ సాహిత్యాన్ని తెలుగు చేయించి పంపేది. ఉప్పల లక్ష్మణరావు వంటి వారు అచటనే ఉండి ఆ పని చేశారు. రెండు అగ్రరాజ్యాల పోటీ ఈ కృషి వెనుక ఉన్నదన్న విషయం విదితమే. ఐనను, పంపినవారి ఉద్దేశం ఏదైనా, చదివినవారు తమకు కావలసినదానినే గ్రహించారు. టాల్‌స్టాయ్, గోర్కీ తెలుగు పాఠకుల ఆత్మీయులైనారు. మార్క్ ట్వేన్ కూడ అట్లే అయినాడు.

అరబ్బీ అనువాదకులకు ఎదురైన చిక్కు తెలుగువారికి సుపరిచితమైనదే కావడం గమనార్హం. అరబ్బీలో గ్రంథస్థమైన ప్రామాణిక భాష వేరు, ఇంటిలోను వీథిలోను మాట్లాడే భాష వేరు. నవలలో పాత్రల సంభాషణను ఏ భాషలో వ్రాయాలన్న వివాదం అచట దీర్ఘకాలం సాగింది. ఈజిప్టు నవలాకారుడు నగీబ్ మహఫూజ్ కైరో సందుగొందుల్లోని సామాన్యుల చేత కూడ ప్రామాణిక భాషనే పలికించాడు. మన గ్రాంథిక వ్యావహారిక వివాదానికి ఇది తోబుట్టువు. ఇట్టి ద్వైభాషిక స్థితి గల సాహిత్యంలోనికి అమెరికన్ నవల వచ్చినప్పుడు సమస్య మరింత తీవ్రమౌతుంది. ఏలనన, అమెరికన్ వచనం తన విశిష్టతను సంపాదించుకొన్నదే చదువురానివాని నోటిమాటను గ్రంథస్థం చేయడం వలన.

తిరిగి వచ్చిన మాటలు

ప్రాచ్య కళాశాలల విద్వాంసులు అమెరికన్ రచనలను తెలిగించ పూనుకొంటే మొదట ఆకర్షించేవి ఎమర్సన్, థోరోల రచనలు. వాటిలో మన మాటలే వినబడతాయి. 1785లో చార్లెస్ విల్కిన్స్ భగవద్గీతను ఆంగ్లంలోనికి పరివర్తించాడు. ఆ గ్రంథం సముద్రం దాటి మాసచూసెట్స్ రాష్ట్రంలోని కాంకర్డ్ గ్రామం చేరింది. 1845 నుండి 1847 వరకు వాల్డెన్ సరస్సు ఒడ్డున కుటీరంలో నివసించిన థోరో, 1854లో ప్రకటించిన 'వాల్డెన్'లో గీతాపఠనాన్ని పేర్కొన్నాడు. ఆ సరస్సులోని మంచును కోసి ఓడలపై మద్రాసు, బొంబాయి, కలకత్తాలకు పంపడాన్ని చూచి, తన సరస్సు నీరు గంగాజలంతో కలియుచున్నదని భావించాడు. ఇది కేవలం కవిసమయం కాదు. బోస్టన్ మంచును నిలువ చేయుటకు 1842లో మద్రాసు సముద్రతీరంలో కట్టిన మంచుయిల్లు నేటికీ ఉన్నది. వివేకానందస్వామి బస చేసిన ఆ భవనానికి ఇప్పుడు వారి పేరే ఉన్నది.

ఇచట సంస్కృతజ్ఞుడైన అనువాదకునికి ఒక ప్రలోభం కలుగుతుంది. థోరో గీతను ప్రస్తావించిన చోట మూలశ్లోకాన్ని ఉంచి ముందుకు సాగవచ్చునని తోస్తుంది. అది సరికాదు. థోరో చదివినది వ్యాసుని శ్లోకం కాదు, విల్కిన్స్ వచనం. శంకర రామానుజుల భాష్యాల ఊసు లేకుండ, తన ఏకాంతవాసానికి అన్వయించుకొని అతడు గ్రహించిన అర్థం వేరు. మూలశ్లోకాన్ని పెట్టడం వలన తెలుగు పాఠకుడు థోరోను గాక తనకు తెలిసిన గీతనే మరల చూస్తాడు. అది న్యాయశాస్త్రం చెప్పిన పునరుక్తి మాత్రమే.

ఎమర్సన్ 1857లో ప్రకటించిన 'బ్రహ్మ' అనే లఘుకావ్యం ఇంతకంటె సూక్ష్మమైన ఉదాహరణ. అందులోని భావం కఠోపనిషత్తులోను గీత ద్వితీయాధ్యాయంలోను ఉన్న ఆత్మస్వరూప వర్ణనకు సన్నిహితం. ఎమర్సన్ ఉద్దేశించినది నపుంసకలింగమైన బ్రహ్మము; చతుర్ముఖుడు కాదు. ఆంగ్లంలో ఆ భేదం కనబడదు. తెలుగులో 'బ్రహ్మ' అని శీర్షిక పెడితే పాఠకునికి హంసవాహనుడు స్ఫురిస్తాడు. అక్షరాలు మారకపోయినా అర్థం మారిపోతుంది. 'పరబ్రహ్మము' అని అంటే అర్థం కుదురుతుంది. కాని క్రొత్త ప్రపంచపు కవి ఒక అపరిచిత నామాన్ని శీర్షికగా పెట్టి తన పాఠకులను విస్మయపరచిన సాహసం మాయమౌతుంది. అర్థాన్ని కాపాడి, పోయిన విస్మయాన్ని ఒక చిన్న టిప్పణిలో తెలుపడం తప్ప ఇచట వేరు మార్గం లేదు. మనకు మిక్కిలి దగ్గరగా కనబడే రచనయే అనువాదంలో మిక్కిలి జాగ్రత్తను కోరుతుంది.

నరకం, మనస్సాక్షి

మార్క్ ట్వేన్ నవల 'హకల్‌బెరీ ఫిన్' ఇంగ్లండులో 1884లో, అమెరికాలో 1885లో వెలువడింది. తెలుగు బాలపాఠకులకు ట్వేన్‌ను ఆత్మీయుని చేసినవారు నండూరి రామమోహనరావు (1927–2011). వారి 'టామ్ సాయర్', 'హకల్‌బెరీ ఫిన్', 'రాజూ – పేద' అనువాదాలు పలు తరాల వారిని అలరించాయి. ట్వేన్ కథనే ఆధారంగా చేసికొని 'రాజు పేద' చలనచిత్రం 1954లో వచ్చింది. బాలసాహిత్యంగా ఈ కృషి సఫలమైనది. హకల్‌బెరీ ఫిన్‌ను ప్రౌఢపాఠకుల కొరకు సమగ్రంగా అనువదించ దలచినవారు ఎదుర్కొనవలసిన చిక్కులను ఇచట పరిశీలిద్దాము.

కథ సారాంశం ఇది. తాగుబోతు తండ్రి బాధ పడలేక పారిపోయిన హక్ అనే బాలుడు, అమ్మివేయబోతున్నారని తెలిసి పారిపోయిన జిమ్ అనే నల్లజాతి బానిస, ఒకే తెప్పపై మిసిసిపీ నదిలో ప్రయాణిస్తారు. ముప్పదియొకటవ అధ్యాయంలో హక్ జిమ్ ఉనికిని యజమానురాలికి తెలుపుతూ ఉత్తరం వ్రాస్తాడు. తన పాపం కడుగుకొని పోయిందని ఊరట పొందుతాడు. ఆ వెంటనే తెప్పపై జిమ్ తనకు చేసిన మేళ్లన్నీ తలపునకు వస్తాయి. ఉత్తరం చింపివేసి, తాను నరకానికి పోవుటకే నిశ్చయించుకొంటాడు. నవలకు ఇదే గుండెకాయ.

ఈ ఘట్టంలోని 'నరకం' అనే మాట తెలుగులో సులభంగా దొరుకుతుంది. చిక్కు అంతా ఆ సులభత్వంలోనే ఉన్నది. పురాణోక్త నరకాలు పాపఫలం అనుభవించి వెలువడే స్థానాలు. మాధ్వ సిద్ధాంతంలోని తమోయోగ్యుల ప్రసక్తిని మినహాయిస్తే, నరకవాసానికి అంతం ఉన్నదనియే మన పాఠకుని సామాన్య భావన. హక్ నమ్మిన నరకానికి అంతం లేదు. ఒక బానిసను పట్టి ఇవ్వనందుకు శాశ్వతంగా దహింపబడుటకు సిద్ధపడిన బాలుని సాహసం, కొన్నాళ్ల శిక్షకు ఒప్పుకొన్న బాలుని సాహసంగా కుంచించుకొనిపోతే మూలానికి అన్యాయం జరిగినట్లే.

దీనికి పరిష్కారం మన జిల్లాలలోనే ఉన్నది. అమెరికన్ లూథరన్ సంఘం పక్షాన హెయర్ గుంటూరు చేరినది 1842లో. నాటినుండి ఈ ప్రాంతంలో క్రైస్తవ తెలుగు ఒకటి పెరిగింది. నిత్యజీవం, నిత్యాగ్ని, నిత్యశిక్ష వంటి సమాసాలు ప్రార్థనామందిరాలలో వినబడుతూ ఉన్నాయి. తెలుగు సాహిత్య చరిత్రకారులు ఈ భాషను తరచు ఉపేక్షించారు. హక్‌ను పెంచిన ఇంటి మతభాషకు ఇంతకంటె సరియైన తెలుగు లేదు. నరకాన్ని ఆరిపోని అగ్నిగా, తిరిగి రాని చోటుగా ఒక పలుకుబడితో స్ఫురింపజేస్తే చాలు. టిప్పణి అవసరం ఉండదు.

'మనస్సాక్షి' అనే మాట ఇంకను క్లిష్టమైనది. మన సంప్రదాయంలో అంతఃకరణం విశ్వసనీయమైన ప్రమాణం. సందేహం కలిగిన చోట సజ్జనుల అంతఃకరణ ప్రవృత్తియే ప్రమాణమని శాకుంతల నాయకుడు నిశ్చయించుకోవడం మనకు తెలిసినదే. ట్వేన్ చిత్రించినది దీనికి విపర్యయం. హక్ మనస్సాక్షి బానిసత్వాన్ని సమర్థించే సమాజం తయారుచేసినది. అది జిమ్‌ను పట్టి ఇమ్మని పోరుతుంది. హృదయం వద్దంటుంది. ఆరోగ్యవంతమైన హృదయానికి, వక్రించిన మనస్సాక్షికి జరిగిన సంఘర్షణగా రచయితయే దీనిని అభివర్ణించాడు. అనువాదకుడు మనస్సాక్షి అనే మాటను విడువకూడదు. విడిచితే వ్యంగ్యం పోతుంది. అయితే దాని ప్రక్కనే 'పెద్దలు నూరిపోసిన బుద్ధి' వంటి మాట ఒకమారు పడితే, ఈ సాక్షి ఎవరి పక్షాన సాక్ష్యం చెప్పుచున్నదో పాఠకునికి తెలుస్తుంది.

పాత్రోచిత భాష

ఈ నవలలో ఏడు విధాల మాండలికాలను ప్రయత్నపూర్వకంగా వాడినట్లు రచయిత ఉపోద్ఘాతంలోనే తెలిపాడు. వీటన్నింటినీ తెలుగులో ఒకే శిష్టవ్యావహారికంలోనికి దించితే హక్, జిమ్, న్యాయాధిపతి, దొంగ 'రాజు' అందరూ ఒక్క తీరుననే మాట్లాడుతారు. ఎవరు ఎవరికి లోబడి ఉన్నారన్నది కనబడదు. అది కనబడనప్పుడు జిమ్ ఔన్నత్యం కూడ కనబడదు.

ఈ సమస్యకు ఉపాయాన్ని మన శాస్త్రాలే సూచించాయి. పాత్రలను బట్టి సంస్కృతం, శౌరసేని, మాగధి మొదలైన భాషలను నాట్యశాస్త్రం విధించింది. తెలుగులో ఈ సూత్రాన్ని ఆచరణలో పెట్టినవారిలో వేదం వేంకటరాయశాస్త్రి ముఖ్యులు. 1891 నాటి 'నాగానందం' అనువాదంలోను, 1897 నాటి 'ప్రతాపరుద్రీయం'లోను వారు నీచపాత్రలకు గ్రామ్యాన్ని వాడి, ఆ పద్ధతిని సమర్థిస్తూ 'గ్రామ్యభాషా ప్రయోగ నిబంధనము' రచించారు. వ్యావహారికోద్యమాన్ని ప్రతిఘటించిన పండితుడే పాత్రోచిత భాషను నిలబెట్టడం విశేషం. 1897లో అచ్చయి 1909లో సమూలంగా సంస్కరింపబడిన 'కన్యాశుల్కం' ఆ మార్గంలో మరింత దూరం పోయింది.

ఐతే ఈ పూర్వమర్యాదను యథాతథంగా గ్రహిస్తే ఒక ప్రమాదం ఉన్నది. సంస్కృత నాటకంలో భాషావిభాగం అంతస్తును అనుసరించినది; మన రంగస్థలంపై గ్రామ్యం తరచు హాస్యానికి ఉపకరణమైనది. జిమ్ భాష నవ్వించుటకు ఉద్దేశింపబడినది కాదు. ఇచట మనకు దారి చూపగలిగినది శాకుంతలం ఆరవ అంకంలోని ధీవరుడు. అతడు మాట్లాడినది మాగధి. రక్షకభటులు కొడుతూ ఉంటారు. నగరరక్షకుడు అతని వృత్తిని ఎగతాళి చేస్తాడు. అతడు తొణకక, పుట్టుకతో వచ్చిన పని నిందితమైనా విడువరాదని, యజ్ఞంలో పశువును వధించే శ్రోత్రియుడు సైతం దయామృదువే కదా అని బదులు చెబుతాడు. భాష తక్కువదిగా ఎంచబడినది. మాట మాత్రం సభలోనివారి మాట కంటె బరువైనది. రేపల్లె, నిజాంపట్నం తీరాల జాలరుల మధ్య నివసించే మనకు ఈ ధీవరుని స్వరం ఊహకు అందనిది కాదు. జిమ్ స్వరం కూడ అట్టిదే.

మరొక ప్రమాదం ఇంతకంటె తీవ్రమైనది. జిమ్ నోట తెలుగునాటి ఏదో ఒక కులం యాసను ఉన్నదున్నట్లు పెడితే, అమెరికాలోని బానిసత్వాన్ని మన సమాజంలోని ఒక వర్గం నెత్తిన రుద్దినట్లవుతుంది. ఆ వర్గం నుండి వచ్చిన విద్యార్థి మన తరగతిలో కూర్చుండి ఆ పుటలు చదువుతాడన్న సంగతి విస్మరింపరానిది. కావున ఒక నిర్దిష్ట కులపు యాసను గాక, కోస్తా పల్లెలలో అందరికీ సామాన్యమైన నోటిభాషను గ్రహించడం మేలు. వాక్యం పొట్టిగా ఉండడం, క్రియతో వాక్యం మొదలు కావడం, ఒకే మాట రెండుసార్లు రావడం, సమాసాలు లేకపోవడం – ఈ లక్షణాలు చాలు. హక్ భాష కూడ దీనికి మిక్కిలి దగ్గరగా ఉండాలి. తెల్ల బాలుడు, నల్ల బానిస ఇద్దరూ చదువుకొన్నవారి భాషకు వెలియైనవారే అన్నది నవలలోని ఒక సత్యం.

పదజాలం విషయంలో కృష్ణా డెల్టాకు ఒక అనుకూలత ఉన్నది. మిసిసిపీ వంటి మహానదికి సంబంధించిన మాటలు మనకు పుస్తకాలలో వెదకవలసిన పని లేదు. తెప్ప, లంక, రేవు, తిప్ప, ఇసుకమేట, కరకట్ట – ఇవి రేపల్లె, భట్టిప్రోలు పరిసరాలలో నిత్యవ్యవహారంలో ఉన్నవి. హక్, జిమ్ కలిసికొన్న దీవిని 'ద్వీపం' అనడం కంటె 'లంక' అనడం సహజం. మార్క్ ట్వేన్ అనే కలంపేరు సైతం ఓడ నడిపేవారు నీటిలోతు కొలిచి కేక వేసే మాట. దాని అర్థం సరిగా మన 'రెండు బారలు'. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశం సంప్రదాయం అనువాదకులకు ఎంత ఉపకారకమో ఇటువంటి చోట తెలుస్తుంది.

సంబోధన, సర్వనామం

ఆంగ్లంలో మధ్యమపురుషకు ఒకే రూపం. తెలుగులో 'నువ్వు', 'మీరు'లలో ఒకటి ఎంచుకొనక తప్పదు. ప్రథమపురుషలో వాడు, అతను, ఆయన అనే మెట్లు ఉన్నాయి. మూలంలో లేని ఈ నిర్ణయాన్ని అనువాదకుడు ప్రతి వాక్యంలోను చేయవలసియే ఉన్నది. దీనిని ఒక అడ్డంకిగా భావించడం పరిపాటి. కాని ఇది మూలానికి లేని ఒక సాధనం.

పదునైదవ అధ్యాయంలో పొగమంచులో ఇద్దరూ విడిపోయి తిరిగి కలిసినప్పుడు, అదంతా కల అని హక్ జిమ్‌ను నమ్మించి ఆటపట్టిస్తాడు. తన కొరకు దుఃఖించిన స్నేహితుని ఇట్లు అవమానించడం తగదని జిమ్ మందలిస్తాడు. పావుగంట తనలో తాను పెనగులాడి హక్ వెళ్లి క్షమాపణ వేడుకొంటాడు. కథ చెప్పువాడు హక్ కనుక, అంతవరకు జిమ్‌ను 'వాడు' అని చెప్పుకొంటూ వచ్చి, ఈ ఘట్టం మొదలుకొని 'అతను' అనడం ప్రారంభిస్తే, వ్యాఖ్యానం ఏదీ లేకుండానే తెలుగు పాఠకుడు ఆ మార్పును గుర్తిస్తాడు. ఆంగ్లంలో సాధ్యం కానిది తెలుగులో సాధ్యమౌతుంది.

దీనికి ఎదురుగా ఒక హెచ్చరిక. జిమ్ హక్‌ను ముద్దుగా పిలిచే పిలుపులకు 'బాబూ', 'నాయనా' అన్నవి సరిపోతాయి. యజమానుల బిడ్డలను పిలిచేటప్పుడు 'దొర' రావాలి. కాని హక్ చేత జిమ్‌ను మొదటినుండి 'మామా' అనో 'అన్నా' అనో పిలిపించడం పొరపాటు. మన పల్లెలలో వరుస కలిపి పిలవడం సాధారణ మర్యాద. నాటి మిస్సోరీ చట్టంలో జిమ్ ఒక ఆస్తి. అతనికి ఏ వరుసా లేదు. వరుస కలిపిన తక్షణం ఆ క్రౌర్యం మాయమై, ఇద్దరు పల్లెవాసుల ప్రయాణం మాత్రమే మిగులుతుంది.

నవలలో జిమ్ జాతిని సూచించే నిందాపదం రెండువందలకు పైగా సార్లు వస్తుంది. 2011లో అమెరికాలో ఒక ముద్రణ దానిని తొలగించి 'బానిస' అనే మాటను ఉంచగా వివాదం చెలరేగింది. తెలుగులో 'బానిస' చట్టస్థితిని మాత్రమే చెబుతుంది. 'నీగ్రో' నేడు గౌరవప్రదం కాదు. 'నల్లజాతీయుడు' అన్నది హక్ నోట పలుకదు. మన దగ్గరి నిందాపదాన్ని తెచ్చి పెట్టడం పైన చెప్పిన కారణం చేతనే అనుచితం. 'నల్లోడు' అన్నది హక్ వంటివాని నోట సహజం; అందులోని తృణీకారం ప్రత్యయం వలననే స్ఫురిస్తుంది. విద్యార్థి పాఠంలో దీని చరిత్రను అధ్యాపకుడు వివరించాలి.

ఏడు తరాలు

పాఠకులు తమదిగా చేసికొన్న అమెరికన్ గ్రంథానికి మంచి ఉదాహరణ అలెక్స్ హేలీ 1976లో ప్రకటించిన 'రూట్స్'. సహవాసి దానిని సంక్షిప్తంగా తెలిగించగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తన తొలినాళ్లలో 'ఏడు తరాలు'గా వెలువరించింది. మూలశీర్షికకు మాటకు మాటగా 'వేళ్లు' అని పెట్టవచ్చు. అట్లు పెట్టలేదు. కుంటా కింటే, అతని కూతురు కిజ్జీ, ఆమె కుమారుడు జార్జి, ఆతని కుమారుడు టామ్, అతని కూతురు సింథియా, ఆమె కూతురు బెర్తా, ఆమె కుమారుడైన రచయిత – లెక్కిస్తే సరిగా ఏడు తరాలు. కథలోని లెక్కయే శీర్షిక అయినది. అంతే కాదు, అటు ఏడు తరాలు ఇటు ఏడు తరాలు చూడడం మన పలుకుబడి. గోత్రప్రవరలు చెప్పుకొనగలిగిన వారికి ఆ సంఖ్య గర్వకారణం. వంశచరిత్ర వ్రాసిపెట్టబడని వారికి అది ఒక లోటు. సముద్రం అవతల ఒక బానిస సంతతివాడు తన ఏడు తరాలను వెదకి సాధించుకొన్న కథగా ఆ శీర్షిక ఇరువర్గాలనూ తాకింది. హేలీ వంశపరిశోధనలోని కొన్ని అంశాలను చరిత్రకారులు తరువాత ప్రశ్నించారు. ఐనను నవలగా దాని ప్రభావం తగ్గలేదు.

ఇచట మారినది శీర్షిక మాత్రమే. కుంటా కింటే పేరు మారలేదు. యజమాని పెట్టిన 'టోబీ' అనే పేరును నిరాకరించడమే ఆ పాత్ర ప్రాణం. దానిని ఏ తెలుగు పేరుతోనైనా మార్చి ఉంటే అనువాదకుడు కూడ మరొక యజమాని అయ్యేవాడు. ఏది మార్చవచ్చునో ఏది మార్చరాదో ఈ ఒక్క గ్రంథం స్పష్టంగా చూపుతున్నది.

తెనాలికి చెందిన చక్రపాణి (1908–1975) శరత్‌బాబు నవలలను తెలుగులో ఎంత సహజంగా దించారంటే, శరత్ తెలుగువాడే అని భ్రమించిన పాఠకులున్నారని చెబుతారు. అది గొప్ప విజయమే. వంగదేశపు కుటుంబవ్యవస్థ మన దానికి సన్నిహితం కావడం వలన ఆ భ్రమ హాని చేయలేదు. హక్ తెలుగువాడే అని పాఠకుడు భ్రమిస్తే మాత్రం హాని ఉన్నది. అట్టి భ్రమలో అతడు అమెరికాను గూర్చి ఏమీ నేర్చుకొనడు. తన్ను గూర్చి కూడ క్రొత్తగా ఏమీ తెలిసికొనడు.

ముగింపు

పై పరిశీలన వలన కొన్ని సూచనలు ఫలిస్తున్నవి. మన గ్రంథాల నుండి తీసికొన్న భావాలు పాశ్చాత్య రచనలలో కనబడినప్పుడు వాటిని మూలశ్లోకాలతో పూరించరాదు. మతసంబంధమైన మాటలకు క్రైస్తవ తెలుగును కూడ ఒక ఆకరంగా గ్రహించాలి. పాత్రోచిత భాషను పాటించాలి. కాని ఏ ఒక్క వర్గపు యాసను దాస్యానికి గుర్తుగా వాడరాదు. సంబోధనలు, సర్వనామాలు ఎచట మారాలో అనువాదానికి ముందే నిర్ణయించుకోవాలి. సంక్షిప్తం చేసినచోట ఆ సంగతిని పీఠికలో తెలుపాలి.

ఇవన్నీ ప్రాచ్యవిద్యలో శిక్షణ పొందినవారికి క్రొత్త విషయాలు కావు. అన్వయం, తాత్పర్యం, ఔచిత్యం, టిప్పణి – ఇవి వ్యాఖ్యాతల నిత్యసాధనాలు. ఆంగ్లశాఖవారు మూలాన్ని, ప్రాచ్యశాఖవారు తెలుగును పరిశీలిస్తూ భాషాప్రవీణ విద్యార్థుల చేత ఒక్కొక్క అధ్యాయాన్ని అనువదింపజేసి చర్చింపజేస్తే ఏ విదేశీ సంస్థ సహాయమూ లేకుండానే ఉత్తమమైన అనువాదాలు వెలువడగలవు. ఏ గ్రంథం కావలెనో, దానినుండి ఏది గ్రహించవలెనో నిర్ణయించుకొనే అధికారం అప్పుడు చదివేవారిదే అవుతుంది. పరస్పరావగాహన అనే మాటలోని 'పరస్పర' శబ్దానికి అర్థం కూడ అదే.